కోల్ కొట్టి చూసిన గుండు

హారో వాగు ఇల్లు, వర్జీనియా
1962 మార్చి 11

అన్నయ్యా,

క్రిస్మస్‌కి ఒక కార్డు, నా పుట్టినరోజుకి ఇంకో కార్డు, రెండింటి మీదా నీ సంతకం. ఇన్నేళ్లుగా మన మధ్య నడుస్తున్నది అంతే. కాబట్టి ఇంత లావు కవరు చూసి ఎవరో పోయారనుకోకు. పోవడానికి ఈ ఇంట్లో నేనూ ఒక ముసలి కుక్కా తప్ప ఎవరూ మిగల్లేదు.

పంది తొడలకి పొగబెట్టే కొట్టు నీకు గుర్తుండే ఉంటుంది. దాని నేల బల్లలు పుచ్చిపోయాయి. మొన్న పక్క పొలం పెగ్రమ్ వచ్చి వాటిని ఊడదీస్తుంటే మూలబల్ల కింద అమ్మ పందికొవ్వు డబ్బా ఒకటి బయటపడింది. మూత తీస్తే లోపల పెద్దన్నయ్య టాజ్ కొలిమి దగ్గర కట్టుకునే తోలుగుడ్డ. అందులో మూటగట్టి ఇనప ముక్కలు, కొంచెం సీసం, ఒక ఇత్తడి ముక్క. ఇనపవి లెక్కపెట్టాను, ఇరవై మూడు. పెగ్రమ్ "ఏంటమ్మా అవి?" అన్నాడు. "మా అమ్మ పాత సామాను" అని చెప్పి అతన్ని కాఫీకి లోపలికి పంపేశాను.

టాజ్ చనిపోయిన ఆ వేసవంతా అమ్మ పెరట్లో వంగి ఏదో ఏరుతూ ఉండేదట. నేను అప్పుడు టౌన్లో పిన్ని దగ్గర ఉన్నాను. కోళ్లు వదిలేసిన గింజలు ఏరుకుంటోందని జనం చెప్పుకున్నారు. పిచ్చెక్కిందని కూడా అన్నారు. ఆమె ఏరింది ఇవే.

ఇక అసలు సంగతి. మనింట్లో ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉంది, నేనే అంటాను. పన్నెండేళ్ల కోల్ ఫిరంగి గుండుని కొట్టి చూశాడు, గట్టిదన్నాడు, టాజ్ దాన్ని కొలిమిలో పెట్టాడు, అది పేలింది. నాన్న ఆ మాట పట్టుకునే చచ్చిపోయాడు. నువ్వు ఆ మాట పట్టుకునే పదహారో ఏట ఇల్లు వదిలిపోయావు. మళ్లీ గడప తొక్కలేదు.

ఉత్తరాదికీ దక్షిణాదికీ యుద్ధం జరిగి వందేళ్లయిందని ఈ ఏడు మన పొలాల నిండా జనం. చెవులకి డబ్బాలు తగిలించుకుని, చేత్తో పళ్లెంలాంటి యంత్రం పట్టుకుని మట్టిలో పాత గుండ్లు వెతుకుతూ తిరుగుతున్నారు. అందులో స్ట్రదర్ అనే ఆయన నీ పేరు చెప్పాడు. "గొట్టం లోపల గాళ్లు చెక్కిన పాత ఫిరంగి గుండు ఏదైనా సరే, కొలతలూ కాగితం మీద అచ్చూ పంపితే కోల్‌మన్ రైవ్స్ ఇంట్లో కూర్చుని అది ఫలానాదని చెప్పేస్తాడండీ" అన్నాడు. ఆయన నా అన్న అని నేను చెప్పలేదు. గర్వమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

ఊళ్లోవాళ్లందరికీ చెప్పేవాడివి, మాకూ చెప్పు. ఈ ముక్కలు నువ్వు కొట్టి చూసిన గుండువేనా? కాకపోతే నువ్వు ఇంటికి రావాలి. నాకు అరవై ఒకటి, నీకు అరవై అయిదు. ఇంకెప్పుడొస్తావు?

గాలి వీచినప్పుడల్లా పాత కొలిమి పాక వైపు నుంచి తిత్తి ఊదుతున్న చప్పుడు వినిపిస్తుంది. పాక కూలి ముప్ఫై ఏళ్లయింది.

నీ చెల్లెలు
వీనీ


డేటన్, ఒహాయో
మార్చి 19

వీనీ,

ఉత్తరం అందింది. ఆ ముక్కలు నేను చూడను.

స్ట్రదర్ లాంటివాళ్లు నాకు వారానికి పదిమంది రాస్తారు. మనిషి చచ్చిన గుండు అంటే వాళ్లకి మరీ మోజు. టాజ్ ముక్కలు వాడి అద్దాల బీరువాలోకి పోవడానికి నేను చీటీ రాసివ్వాలా? అందుకోసం నన్ను ఇంటికి రమ్మని ఆశపెట్టనక్కర్లేదు.

నాకు తెలిసింది ఒక్కసారి రాస్తాను, మళ్లీ అడగకు. మన ఎర్రమట్టి చేలో దున్నుతుంటే ఆ గుండు నాకు దొరికింది. మూడంగుళాల అడ్డం, నడుముకి సీసం పట్టీ. ఆ సీసం కరిగించి గాలాలకి బరువులు పోద్దామన్నాడు టాజ్. మందు కూరిన గుండైతే నిప్పులో పెట్టకూడదని నాన్న మాకు చిన్నప్పుడే నేర్పాడు. ఉలితో అడుగున కొట్టి చూడాలి. గట్టిదైతే ఖంగుమంటుంది, డొల్లదైతే మొద్దుగా పలుకుతుంది. ఇంట్లో ఆ చెవి నాదే అనేవాళ్లు. మూడు దెబ్బలు కొట్టాను. ఖంగుమంది. "గట్టిదే" అన్నాను. మర్నాడు పొద్దున నాన్న నన్ను మొక్కజొన్న ఆడించుకురమ్మని మిల్లుకి పంపాడు. తిరిగొచ్చేసరికి మన పెరట్లో ఊరంతా ఉంది.

నాన్న కొలిమి పక్కగా పోతూ "అదేంట్రా?" అని అడిగాడట. "కోల్ కొట్టి చూశాడు నాన్నా, ఏం కాదు" అన్నాడట టాజ్. అవే వాడి చివరి మాటలు. సమాధి దగ్గర నాన్న నాతో అన్నది కూడా ఒక్క మాటే. "నీ చెవి వాడి ప్రాణం తీసిందిరా." తర్వాత నాలుగేళ్లు ఒక్క బల్ల దగ్గర తిన్నాం. ఉప్పు అందించమని కూడా నన్ను అడగలేదు.

కొట్టి చూడటం మనవాళ్ల తెలివితక్కువ పని. చెవి చెప్పదు, కొలత చెబుతుంది. అది తెలుసుకోవడానికే నా బతుకు గడిచిపోయింది. అప్పట్నుంచి నేను పుచ్చకాయ కూడా కొట్టి చూడలేదు.

కోల్‌మన్

తా.క. ఆ ముక్కల్ని నీళ్లతో తప్ప దేనితోనూ కడగకు. రుద్దితే సాక్ష్యం పోతుంది. నీ బుద్ధి నాకు తెలుసు, కోడి కదలకుండా కూర్చుంటే దాన్ని కూడా బూడిదేసి తోమేస్తావు.


హారో వాగు
మార్చి 27

కోల్‌మన్ రైవ్స్ గారికి,

అన్నయ్యా అని రాయబుద్ధి కావడం లేదు, అందుకే ఇలా.

అమ్ముకుంటాననా అనుకున్నావు? టాజ్ తోలుగుడ్డని నా దిండు కింద పెట్టుకున్నాను. స్ట్రదర్‌కి ఆ డబ్బా ఉందన్న సంగతే తెలియదు. నిన్ను ఇంటికి రప్పించడానికి నాకు వేరే దారి లేక అడిగాను. అయినా అమ్మ పోతేనే రానివాడివి, ఇనప ముక్కలకోసం వస్తావని ఎలా అనుకున్నానో. అమ్మ చివర్లో గుమ్మం వైపే చూస్తూ ఉండేది. ఎవరికోసమో నేను నోరు తెరిచి అడగలేదు.

నువ్వు చూడనన్నా నేను చూపిస్తాను. నాలుగు ముక్కలు పిండి సంచి కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీశాను. దారంతో కొలిచి, ఆ దారాలు కూడా కవర్లో పెట్టాను. ఇత్తడి ముక్క చిన్న బిళ్లంత ఉంది, లోపలి వైపు మర చుట్లు ఉన్నాయి. మసిపట్టి నల్లగా ఉంది. నీళ్లతోనే కడిగాను. చేతులు దురద పెట్టాయి గానీ రుద్దలేదు.

ఈ బొమ్మలు గీసి లేస్తుంటే వంటింటి తలుపుకి అడ్డుపెట్టే ఆకుపచ్చ గుండు తగిలి కాలిగోరు చితికింది. మనింటి గుండ్లకి మన మీద కక్ష ఉన్నట్టుంది. నేను పిన్ని దగ్గర్నుంచి వచ్చేసరికే అది అక్కడుంది. అమ్మ ఏటేటా వసంతంలో తలుపుతో పాటు దానికీ రంగేసేది. నేనూ వేస్తున్నాను.

లవీనియా


డేటన్
ఏప్రిల్ 6

వీనీ,

ఆ ఆకుపచ్చ గుండు దగ్గరికి మళ్లీ పోకు. ముందు ఇది చదువు. ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్లూ నేను ఏ గుండు వైపూ కన్నెత్తి చూడలేదు, దాని ముక్కు ఎలా ఉందో నాకు తెలియదు.

పగటిపూట, ముట్టుకోకుండా, వంగి దాని ముక్కు చూడు. ముక్కున చిల్లు గానీ, ఇత్తడి గానీ, కర్ర బిరడా గానీ, రంగు కింద గుండ్రటి గీత గానీ కనిపించిందా, లోపల మందున్నట్టే, కుక్కని తీసుకుని బయటికి నడిచి షెరీఫ్‌కి ఫోన్ చెయ్యి. యాభై ఏళ్లు తలుపు దగ్గర ఊరికే ఉంది గదా అనుకోకు. అలా అనుకున్నవాళ్ల ఉత్తరాలు నా దగ్గర కట్టలున్నాయి, కొన్ని వాళ్ల భార్యలు రాసినవి.

ముక్కు గనక నున్నగా, ముక్కూ ఒళ్లూ ఒకే పోతలా ఉంటే, అప్పుడు అడుగు చూడు. ఎందుకో ఇప్పుడు చెప్పను.

నీ బొమ్మలు చూశాను. చూడనని రాసినవాణ్ని చూశాను, సరేనా? అవి గుండు ముక్కలో గుమ్మడికాయ ముక్కలో పోల్చుకోవడానికి పూట పట్టింది. దారాలు మాత్రం బాగున్నాయి. కానీ రెండో ముక్కకి నువ్వు గీసిన గీత నన్ను నిద్రపోనివ్వడం లేదు. దాని లోపలి వైపు గిన్నె లోపలిలా వంపు తిరిగి ఉందని బొమ్మ పక్కన రాశావు. గట్టి గుండుకి లోపలి వైపు ఉండదు. ఇత్తడి కూడా ఉండదు. నేను కొట్టిన గుండుకి ఇత్తడి ఉండి ఉంటే పన్నెండేళ్లవాడినైనా నాకు కనిపించదా?

ఇత్తడి, సీసం, వంపు ఉన్న ముక్క పెట్టెలో సర్ది పంపు. గుడ్డ పంపకు, నీ దగ్గరే ఉండనీ.

ఏమీ ఆశపెట్టుకోకు. నేను ఎవరికీ 'కావచ్చు' అని రాయను. తెలిస్తే తెలుసంటాను, లేకపోతే తెలియదంటాను.

ఇంకొకటి. అమ్మ అంత్యక్రియలకి నేను వచ్చాను. రోడ్డుకి అవతల కంచె పక్కన నిలబడ్డాను. నువ్వు నీలం టోపీ పెట్టుకున్నావు. లోపల నాన్న ఉన్నాడు. బండి వేళయ్యేదాకా ఉండి వెళ్లిపోయాను.

కోల్


హారో వాగు
ఏప్రిల్ 16

అన్నయ్యా, అన్నయ్యా,

నీలం టోపీ! ఆ టోపీ నేను ఆ ఒక్క రోజే పెట్టుకున్నాను, తర్వాత ఈ ముసలి పిగ్గీ కుక్కపిల్లగా ఉన్నప్పుడు దాన్ని నమిలేసింది. రోడ్డు దాటి రాకూడదూ? నాన్న ఏమన్నా అననీ, నేను లేనా? ఇన్నేళ్లూ నిన్ను తిట్టుకుంటూ అమ్మ సమాధికి పూలు పెట్టాను. ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సగం ఉంచుకుంటున్నాను, రోడ్డు దాటనందుకు.

ఇప్పుడు విను. నువ్వు చెప్పినట్టే పగటిపూట, చేతులు వెనక్కి కట్టుకుని చూశాను. ముక్కు నున్నగా ఉంది. చిల్లు లేదు, గీత లేదు. పెగ్రమ్‌ని పిలిచి అతని కళ్లతో కూడా చూపించాను. అప్పుడు పడుకోబెట్టి అడుగు చూశాను. పొరలు పొరలుగా ఆకుపచ్చ రంగు. వంటకత్తి మొనతో నెమ్మదిగా ఒలిచాను.

మూడు గంట్లు, అన్నయ్యా. వరసగా, దగ్గరదగ్గరగా, ఉలి మొనంత. నడుముకి సీసం పట్టీ అలాగే ఉంది, దాని మీద ఫిరంగి గాళ్ల అచ్చులు ఏడు లెక్కపెట్టాను. ఎవరూ కరిగించలేదు. అది నిప్పు మొహమే చూడలేదు!

నీ గుండు ఇదే. నేను రోజూ కాలితో జరిపి తలుపు తీసేది దాన్నే. నీ చెవి తప్పు చెప్పలేదు. నువ్వు టాజ్‌ని చంపలేదు.

పెట్టె నిన్ననే పోస్టులో వేశాను. మరి టాజ్ నిప్పులో పెట్టింది ఏది? వాడికి ఎక్కడిది? అది కూడా చెప్పు, ఇక మిగిలిన అనుమానం కూడా తీరిపోతుంది. ఏటా వాడు పోయిన రోజున, జూన్ తొమ్మిదిన, వాడి సమాధి శుభ్రం చేస్తాను. ఈ ఏడు నువ్వు నా పక్కన ఉంటావు. పందితొడ ఒకటి నీకోసం విడిగా వేలాడదీశాను.

నీ వీనీ


డేటన్
ఏప్రిల్ 27

చెల్లీ,

ఇర్మా అంటుంది, మా పెళ్లినాడు కూడా నేను ఏదీ ఇంత జాగ్రత్తగా విప్పలేదట. నిజమే. పెట్టె ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. తర్వాత విప్పాను. తర్వాత గారేజీలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. అరవై అయిదేళ్లవాడు అలా ఏడిస్తే పక్కింటి కుక్క కూడా మొరిగింది.

ఇక వృత్తికి వస్తాను. నువ్వు పంపింది మూడంగుళాల గాడి ఫిరంగి గుండు. ఉత్తరాదివాళ్లు మన వైపు పేల్చింది. సీసం మీద ఏడు గాళ్ల అచ్చు ఉంది, అంటే ఫిరంగిలోంచి దూసుకొచ్చింది గానీ నేలపడి పేలలేదు. లోపల డొల్ల. ఇనప గోడకి అంటుకుని సీసపు గోళీ గుంట ఒకటి ఉంది, కాబట్టి లోపల మందూ గోళీలూ కూరారు. గోళీల బరువుకి ఇలాంటిది చేత్తో ఎత్తిచూస్తే గట్టిదనే అనిపిస్తుంది. ముక్కున ఇత్తడి బిరడా. తెలుసు, వీనీ. 'కావచ్చు' కాదు. ఇది నేను కొట్టిన గుండు కాదు.

ఇత్తడి ముక్క దగ్గర నాలుగు రోజులు కూర్చున్నాను, ఎందుకంటే అది మాట్లాడుతుంది. మర చుట్ల సందులో తెల్ల ఇసుక ఉంది. మన చేలన్నీ ఎర్రమట్టి, ఇసుక ఉన్నది వాగు అడుగునే. కాబట్టి ఇది వాగులో దొరికింది. నేను పాములకి భయపడి ఆ వాగులో కాలు పెట్టేవాణ్ని కాదు, నీకు తెలుసు. ఇంకా విను. పైమసి కింద, భూతద్దంతో చూస్తే సన్నటి గుండ్రటి గీతలు. ఎవరో బూడిద వేసి గుడ్డతో రుద్దారు, ఒక పూట కాదు, ఎన్నో రోజులు. మసి ఆ గీతల మీద ఉంది. అంటే రుద్దింది ముందు, నిప్పు తర్వాత. ఎంత ముద్దుగా రుద్దారో! ఇత్తడిలో మొహం కనిపించేదాకా వదిలినట్టు లేరు. టాజ్‌కి అంత ఓపిక ఉందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఒక్కటి మాత్రం నాకు ముడి విడటం లేదు. 'కోల్ కొట్టి చూశాడు' అని వాడు నాన్నతో ఎందుకన్నాడు? నేను చూడని గుండు గురించి వాడు అబద్ధమాడడు. నాన్న తప్పుగా విన్నాడేమో. పోనీ. నా ప్రాణం తేలికపడింది, ఇక ముళ్లు విప్పే ఓపిక లేదు.

జూన్ ఎనిమిదిన బస్సు దిగుతాను. పందితొడతో పాటు మొక్కజొన్న రొట్టె కూడా ఉండాలి, అమ్మ చేసినట్టు చక్కెర వెయ్యకుండా.

కోల్


హారో వాగు
మే 7

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. జవాబు నాలుగుసార్లు రాసి పొయ్యిలో వేశాను. ఒకదాంట్లో రోడ్డు తవ్వేస్తున్నారు జూన్‌లో రావద్దని రాశాను. ఇంకోదాంట్లో నాకు ఒంట్లో బాగాలేదని. ఇది అయిదోది. ఇది వెయ్యను.

వాగులో దిగేది నేను. నువ్వు పాములన్నావని నిన్ను ఏడిపించడానికే దిగేదాన్ని.

ఆ గుండు నాకు వంగపండు రంగు రాళ్ల మడుగులో దొరికింది. దాని ముక్కు మెరిసింది. పొగకొట్టు వెనక దాచుకుని రోజూ బూడిదతో రుద్దాను. అందులో నా మొహం గుమ్మడికాయలా కనిపించేది, నవ్వుకునేదాన్ని. సీసం తెచ్చిస్తే బాతుబొమ్మ పోసి ఇస్తానన్నాడు టాజ్. ఆ రోజు పొద్దున గౌను ఒడిలో వేసుకుని మోసుకెళ్లాను. "నా ఇత్తడి జాగ్రత్త, సీసమే తీసుకో" అన్నాను. వాడు దాన్ని ఎత్తి చూసి, "కోల్ కొట్టి చూశాడా?" అన్నాడు.

నువ్వు మిల్లుకి పోయావు. నువ్వొచ్చేదాకా ఆగమంటాడు. నాకు బాతు అప్పుడే కావాలి.

"చూశాడు, గట్టిదే అన్నాడు" అన్నాను.

వాడు నన్ను నీళ్లు తెమ్మని బావికి పంపాడు. అందుకే నేను బతికున్నాను.

నన్ను నమ్ము, అన్నయ్యా. ఇది నాకు తెలిసి దాచింది కాదు. ఆ సాయంత్రమే నన్ను బండెక్కించి పిన్ని దగ్గరికి పంపేశారు. తిరిగొచ్చాక నీ గుండు పేలిందని అందరూ అన్నారు, నేనూ అదే నమ్మాను. రెండు గుండ్లున్నాయి కదా, ముందు నీది పెట్టి ఉంటాడు, నాది నాన్న ఎక్కడో పారేసి ఉంటాడనుకున్నాను. తర్వాత అనుకోవడం కూడా మానేశాను. నీ ఉత్తరంలో 'ఎంత ముద్దుగా రుద్దారో' అన్నచోట నా చేతులు నాకే గుర్తొచ్చాయి. లేచి వెళ్లి వాటిని కడుక్కున్నాను.

అమ్మకి తెలుసు. పొయ్యిలో బూడిద మాటిమాటికీ ఎందుకు తీస్తున్నావని నన్ను తిట్టింది ఆమే. పెరట్లో ఆ ఇత్తడి ముక్క చేతికి దొరికినప్పుడే ఆమెకి తెలిసి ఉంటుంది. దాన్ని నేలలో పెట్టింది. నీ గుండుని మాత్రం అందరికీ కనపడేలా తలుపు దగ్గర పెట్టి, ఎవరూ గుర్తుపట్టకుండా రంగేసింది. పిల్లలు ఇద్దరిలో ఒకరిని ఉంచుకుంది. రెండోవాడికోసం గుమ్మం వైపు చూస్తూ చచ్చిపోయింది.

నీ యాభై మూడేళ్లు నేను తినేశాను. రావడం మానేస్తే నాకు కోపం రాదు.

వీనీ


డేటన్
మే 16

చెల్లీ,

తొందరపడకు. నీ ఉత్తరం వచ్చాక ముక్కలు మళ్లీ తీసి చూశాను. నేను పొరపాటు పడ్డాను. ఇన్నేళ్లలో ఒక్కసారి పొరపాటు పడితే అది ఇదే కావాలా అని సిగ్గుగా ఉంది, అయినా ఒప్పుకుంటున్నాను.

ఆ గుండ్రటి గీతలు ఎవరూ రుద్దినవి కావు. ఇత్తడి బిరడాని లేత్ మిషను మీద చెక్కినప్పుడు అలాంటి గీతలు పడతాయి. నలభై ఏళ్లు లేత్ దగ్గర పనిచేసినవాణ్ని, నాకే తట్టలేదు. ఇసుక కూడా వాగుది కాకపోవచ్చు. కొలిమి దగ్గర టాజ్ అచ్చులు పోయడానికి ఇసుక ఉంచుకునేవాడు కావచ్చు. ఇక మూడు గంట్ల సంగతి, నేను అప్పట్లో కనిపించిన ప్రతి గుండునీ మూడేసి దెబ్బలు కొట్టేవాణ్ని. మన తలుపు దగ్గరది వాటిలో ఏదో ఒకటి కావచ్చు. పేలింది నేను చూసిందే కావచ్చు.

నీ గుండు నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నాన్న దాన్ని తీసుకెళ్లి బావిలో పారేయడం నేను కళ్లారా చూశాను. నువ్వు ఎనిమిదేళ్ల పిల్లవి. ఆ వయసు జ్ఞాపకాలు కోర్టులో కూడా చెల్లవు.

కాబట్టి లెక్క పాతదే. నాకు అలవాటైన లెక్క, నా వీపుకి సరిపోయింది. నువ్వు కొత్తగా ఎత్తుకోవద్దు.

ఇత్తడి ముక్క ఇందులో వెనక్కి పంపుతున్నాను. జూన్ ఎనిమిది బస్సులో మార్పేమీ లేదు. ఇర్మా కూడా వస్తానంటోంది.

కోల్


హారో వాగు
మే 24

అన్నయ్యా,

పెట్టె అందింది. దూది విప్పేసరికి వంటింట్లో ఎండ దాని మీద పడి గోడంతా మెరిసింది.

మసి లేదు. మర చుట్లలో ఇసుక లేదు. గీతలు ఒక్కటీ లేవు. నీళ్లతో తప్ప దేనితోనూ కడగొద్దని, రుద్దితే సాక్ష్యం పోతుందని నాకు పాఠం చెప్పినవాడివి, నీ మిషను మీద పెట్టి అద్దంలా చేసి పంపావు. తిప్పి చూస్తే అందులో నా మొహం కనిపించింది, గుమ్మడికాయలాగే, ఇప్పుడు ముడతలతో.

ఎప్పుడూ 'కావచ్చు' అని రాయనివాడివి, ఒక్క ఉత్తరంలో మూడుసార్లు రాశావు. ఆ రోజు నువ్వు మిల్లులో ఉన్నావు, అన్నయ్యా. అది నువ్వు చూడని గుండని మొన్న నువ్వే రాశావు, మరి నాన్న దాన్ని బావిలో పారేయడం ఎలా చూస్తావు? నీకు అబద్ధం చెప్పడం రాదు. మనింట్లో ఆ పని బాగా వచ్చింది నాకొక్కదానికే.

అమ్మ దాచింది. నువ్వు రుద్దేశావు. మీరిద్దరూ కలిసి నన్ను ఇంకా ఎనిమిదేళ్ల పిల్లగానే ఉంచుతున్నారు. ఇక చాలు, నన్ను పెద్దదాన్ని కానివ్వండి. జూన్ తొమ్మిదిన టాజ్ సమాధి దగ్గర ఆ మాట నేనే పైకి అంటాను. 'కోల్ చూడలేదు, నేను అబద్ధం చెప్పాను' అంటాను. పక్కన నాన్న కూడా ఉన్నాడు, ఆయనకీ వినపడాలి. నువ్వు ఏమీ అనకు. నా చెయ్యి పట్టుకుంటే చాలు. ఆ ఇత్తడి ముక్కని అక్కడే మట్టిలో పెట్టేద్దాం. బాతు కోసం ఏడ్చే పిల్లని వాడు ఎప్పుడూ తిట్టలేదు, ఇప్పుడూ తిట్టడనుకుంటాను.

నీ గుండు తలుపు దగ్గరే ఉంది. మిగతా రంగు కూడా ఒలిచేశాను. ఇక వెయ్యను.

ఇర్మాని తీసుకురా, పడకలు రెండు వేశాను. జూన్‌లో వెళ్లిపోతానంటే ఒప్పుకోను. చేలో పుచ్చ తీగలు ఇప్పుడే పాకుతున్నాయి, ఆగస్టుకి కాయలొస్తాయి. అప్పటిదాకా ఉండు. పండిందో లేదో ఒక్కొక్కటీ నువ్వే కొట్టి చూడాలి. నువ్వు ఏది చెబితే అది కోస్తాను.

వీనీ